పండుగనాటి కొలువు – ద్వాదశి పారణ

పండుగ యనగా ఇంటిల్లిపాదియు ఒకచోట చేరి, భగవంతుని సేవించి, ప్రసాదమును కలసి స్వీకరించు దినమని మన పెద్దల భావన. సేద్యమే ప్రధానవృత్తిగా నున్న కాలమున ఇది సులభముగానే సాగెను. పంట ఇల్లు చేరిన పిదపనే సంక్రాంతి వచ్చుచుండెను గనుక, పండుగకును పనికిని పొరపొచ్చెము లేకుండెను. నేడట్లు కాదు. ఒకే కుటుంబములో ఒకరు బస్సు నడుపుదురు. ఒకరు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేయుదురు. ఇంకొకరు దూరనగరములో మేస్త్రీ పని చేయుచుందురు. పంచాంగము ఒక వేళను చెప్పును. డ్యూటీ చార్టు మఱియొక వేళను చెప్పును. ఈ రెండింటి నడుమ నలిగిపోవు గృహస్థునకు శాస్త్రము ఏమి చెప్పుచున్నది? ఈ విషయమును కొంత విచారింతము.

దోర్నాల గేటు

పెద్దదోర్నాల నెఱుగని యాత్రికులు అరుదు. మార్కాపురము నుండి వచ్చు బాట ఇచ్చటనే నల్లమల ముఖద్వారమును చేరును. ఇచ్చటినుండి ఒక త్రోవ శ్రీశైలమునకును, మఱియొక త్రోవ ఆత్మకూరు మీదుగా కర్నూలునకును చీలిపోవును. దోర్నాల నుండి శ్రీశైలము సుమారు 50 కిలోమీటర్లు. త్రోవ యంతయు పెద్దపులుల అభయారణ్యము గుండా పోవు ఘాటు రోడ్డు. వన్యమృగముల రక్షణకై ఈ త్రోవలో రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు వాహనములను విడువరు. అటవీశాఖవారి గేటు మూసిన తరువాత ఈవలివారు ఈవలనే, ఆవలివారు ఆవలనే యుండవలసినదే.

దోర్నాల చుట్టుపట్ల ఊళ్ళు మెట్టప్రాంతములు. వర్షము ముఖము చాటు చేసిన ఏడు, కూలి నాలి చేసికొను కుటుంబములు హైదరాబాదునకో, గుంటూరునకో, బెంగుళూరునకో పనికై తరలిపోవుట ఇచ్చట పరిపాటి. ఉన్న ఊరిలో మిగిలినవారిలో పలువురు యాత్రికుల రాకపోకలనే నమ్ముకొన్నవారు: బస్సు డ్రైవర్లు, కండక్టర్లు, హోటళ్ళలో పనివారు, కొబ్బరికాయలు పూలు అమ్మువారు. లోకమునకు పండుగ యైన దినమే వీరికి పని ఎక్కువగు దినము. ఇతరులు దర్శనమునకు పోవుటకై తాము దర్శనమును వదలుకొనువారు వీరు.

ఒక యింటి కథ

దోర్నాలలో నాకు పరిచయమైన వైష్ణవ కుటుంబమొకటి కలదు. తండ్రి గతించెను. తల్లి వృద్ధురాలు, మధుమేహ రోగి. పెద్దకుమారుడు బస్సు డ్రైవరు, కోడలు నర్సు, చిన్నకుమారుడు బెంగుళూరులో కట్టడపు పనివాడు. ఆ తల్లి ప్రతి ఏకాదశియు ఉపవసించి, ద్వాదశినాడు కుమారులతో కూడ పారణ చేయుట అలవాటుగా గలది. చిన్నవాడు దూరమైన తరువాత పెద్దవాడొక్కడే ఆమెకు తోడు.

కొన్ని సంవత్సరముల క్రిందట ముక్కోటి ఏకాదశినాడు ఆ డ్రైవరునకు శ్రీశైలము డ్యూటీ పడెను. సాయంకాలము తిరిగి రావలసిన బస్సు, యాత్రికుల రద్దీ వలన ఆలస్యమాయెను. ఇంతలో గేటు మూసివేసిరి. అతడు బస్సులోనే నిద్రించి, మఱునాడు ఉదయము 6 గంటలకు గేటు తెఱచిన పిదప బయలుదేరెను. ఆ దినము ద్వాదశి తిథి ప్రొద్దుననే ముగియుచుండెను. కోడలు రాత్రి డ్యూటీ నుండి ఇంకను రాలేదు. ఇంట తల్లి యొక్కతియే. దశమి రాత్రి మొదలు ఆమె మంచినీరైనను ముట్టలేదు. రోజువారీ మాత్రలను సైతము మానెను. పారణకాలము దాటిపోవుచున్నను, కుమారుడు రానిదే గుక్కెడు తీర్థమైనను పుచ్చుకొనననెను. 8 గంటలు దాటిన పిదప అతడు ఇల్లు చేరునప్పటికి ఆమె పూజగది గడపపై స్పృహ తప్పి పడియుండెను.

వెంటనే మార్కాపురము ఆసుపత్రికి తరలించిరి. దైవానుగ్రహమున ఆమె కోలుకొనెను. నేను పరామర్శకు పోయినప్పుడు కుమారుడు మంచము ప్రక్కన తల వంచుకొని కూర్చుండెను. "ఈ ఉద్యోగం మానేస్తాను అయ్యవారూ, మా అమ్మ ప్రాణం కన్నా నాకు ఇది ఎక్కువా?" అని అతడనెను. తల్లి నీరసపు గొంతుతో, "వాడేం చేస్తాడు స్వామీ, గేటు వేస్తిరి. కానీ బిడ్డ తినకుండా నాకెట్లా మింగుడు పడుతుంది?" అని అడిగెను.

ఇరువురి మాటలలోను ప్రేమయే కలదు. అయినను ఆ ప్రేమ ఒకరి ప్రాణమునకును, ఒకరి జీవనోపాధికిని ముప్పు తెచ్చుచున్నది. అప్పుడు వారికి నేను జ్ఞప్తి చేసినది అంబరీషోపాఖ్యానము.

అంబరీషుడు చూపిన త్రోవ

భాగవతము నవమస్కంధమున నాభాగుని పుత్రుడైన అంబరీషుని కథ కలదు. ఆ రాజర్షి భార్యాసమేతుడై సంవత్సరకాలము ద్వాదశీవ్రతము నాచరించి, కార్తికమున యమునాతీరమందలి మధువనములో హరిని పూజించి, పారణకు సిద్ధపడెను. ఇంతలో దుర్వాసమహర్షి అతిథియై వచ్చి, భోజనమునకు సమ్మతించి, నదికి స్నానమునకు పోయెను. ఎంతకును మరలి రాడాయెను. ద్వాదశి ముగియుటకు అర్ధముహూర్తమే మిగిలెను. అతిథిని విడిచి భుజించుట దోషము. ద్వాదశి దాటనిచ్చుట వ్రతభంగము. రెండు ధర్మములు ఒకే గడియలో ఎదురెదురుగా నిలిచినవి.

అంబరీషుడు తన బుద్ధిని మాత్రమే నమ్ముకొనక పండితులను సంప్రదించెను. జలపానము భుజించుటయు నగును, భుజింపకుండుటయు నగునని వారు నిర్ణయించిరి. రాజు హరిని తలచి కొంచెము నీరు పుచ్చుకొని, అతిథికై వేచియుండెను. తరువాత దుర్వాసుడు కోపించి కృత్యను సృజించుటయు, సుదర్శనచక్రము దానిని దహించి ఋషిని వెన్నంటుటయు, తాను భక్తులకు అధీనుడనని శ్రీహరి ఆ ఋషిని అంబరీషుని కడకే పంపుటయు పాఠకు లెఱిగినవే.

ఇందు గమనింపదగినది రెండు. మొదటిది: వేళను పాటించుటకు విందు అవసరము లేదు, గుక్కెడు నీరు చాలును. రెండవది: నీరు త్రాగినంత మాత్రమున అతిథిపై ప్రేమ తగ్గినట్లు కాదు. ఆ ఋషి మరలివచ్చువరకు సంవత్సరకాలము అంబరీషుడు భోజనము మాని వేచియుండెనని పురాణము చెప్పుచున్నది. అయినను ఆ సంవత్సరమంతయు అతడు జలమును విడువలేదు. "అమ్మా, నీవు విడిచినది అంబరీషుడు సైతము విడువనిది" అని నేననగా ఆ తల్లి చాలసేపు మౌనముగా నుండి, "ఈ మాట ముందే తెలిస్తే బిడ్డను ఇంత క్షోభ పెట్టకపోదును" అనెను.

వ్రతమునకు శాస్త్రమిచ్చిన సడలింపులు

ఏకాదశీవ్రతము నిర్దయమైన నియమము కాదు. ఎనిమిది సంవత్సరములు నిండని బాలురకును, ఎనుబది దాటిన వృద్ధులకును ఉపవాసనిర్బంధము లేదని స్మృతికారులు చెప్పిరి. నీరు, కందమూలములు, ఫలములు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువాక్యము, ఔషధము అను ఎనిమిదియు వ్రతమును భంగపఱుపవని పెద్దల నిర్ణయము. ఇందు ఔషధము చేరియుండుటను రోగులు మరువరాదు. మధుమేహమునకు మందు వాడువారు ఉపవాసమునకు పూర్వమే వైద్యుని అడుగవలెను. కొన్ని మందులు ఆహారము లేనప్పుడు రక్తములోని చక్కెరను ప్రమాదకరముగా తగ్గించును.

స్వయముగా చేయలేని వ్రతమును ప్రతినిధి ద్వారా జరిపించుటకును ధర్మశాస్త్రము సమ్మతించుచున్నది. భర్తకై భార్య, భార్యకై భర్త, తల్లిదండ్రులకై పుత్రుడు, అన్నకై తమ్ముడు ఆచరింపవచ్చును. ఇక పారణ విషయము. ద్వాదశి మొదటిపాదము హరివాసరము గనుక అది గడచిన పిదప, ద్వాదశి ముగియులోగా పారణ చేయవలెను. ఈ వేళ ప్రతి పక్షమును మాఱుచుండును. కావున పంచాంగమును ముందుగా చూచుకొనుట కొలువు చేయువారికి మఱింత అవసరము.

కొలువును సేవయే

"దేవుని పనికి సెలవు దొరకలేదు" అని బాధపడువారు పాంచరాత్రాగమము చెప్పిన పంచకాల విభాగమును తెలిసికొనవలెను. వైష్ణవుని దినము అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము అని అయిదు భాగములు. ఉదయమున భగవంతుని సమీపించుట అభిగమనము, ఆరాధనకు వలయు ద్రవ్యములను న్యాయముగా సంపాదించుట ఉపాదానము, పూజించుట ఇజ్య, సద్గ్రంథపఠనము స్వాధ్యాయము, రాత్రి మనస్సును భగవంతునియందు నిలుపుట యోగము. న్యాయార్జనము పూజకు అడ్డు కాదు, పూజాదినములో ఒక అంగమే. ఆ డ్రైవరు నలువదిమందిని క్షేమముగా ఘాటు దాటించి తెచ్చు జీతముతోనే ఇంటి దీపమునకు నూనె వచ్చుచున్నది. అది ఉపాదానము కాక మఱేమి?

తిరుమల మాహాత్మ్యములో కురువనంబి యను కుమ్మరి కథ కలదు. కుండలు చేయు పనిలో ఆలయమునకు పోవు తీరిక లేక, అతడు తన చేతికంటిన మట్టితోనే పూలు చేసి, పని చేయు చోటనే స్వామికి సమర్పించుచుండెను. తొండమాన్ చక్రవర్తి సమర్పించిన బంగారు పుష్పములను త్రోసి, ఆ మట్టిపూలే స్వామి పాదములచెంత కనిపించెనట. నేటికిని శ్రీవారికి నివేదించు దధ్యోదనము మట్టి ఓడులోనే కులశేఖరపడి దాటి లోనికి పోవుచున్నది. పనివాని భక్తికి ఇంతకుమించిన గౌరవ మేమి కలదు?

ఆ యింటివారు చేసికొన్న ఏర్పాటు

ఆ సంఘటన తరువాత ఆ కుటుంబము చక్కని పద్ధతి నవలంబించినది. ప్రతి మాసారంభమున పంచాంగమును, ఇద్దరి డ్యూటీ చార్టులను ప్రక్కప్రక్కన పెట్టుకొందురు. ఏ పర్వమునాడు ఎవరు ఇంట నుందురో, ఎవరికి ఎవరు ప్రతినిధియో నిశ్చయింతురు. డ్రైవరు ఏకాదశినాడు చిన్న సీసాతో తులసీతీర్థమును వెంట తీసికొనిపోవును. ద్వాదశివేళకు అతడు బస్సుస్టాండులో, తల్లి ఇంటిలో తీర్థము పుచ్చుకొందురు. భోజనము మాత్రము అతడు వచ్చిన తరువాత కలసి చేయుదురు. ఆలస్యమైనచో తల్లి పాలు పండ్లు తీసికొని మాత్ర వేసికొనును. చిన్నవాడు బెంగుళూరులో అదే వేళకు ఫోనులో తల్లికి నమస్కరించును.

సెలవు విషయమునను ఒక మార్గము దొరికినది. అతనితో పనిచేయు క్రైస్తవ మిత్రుడొకడు ముక్కోటినాడు తాను డ్యూటీ చేయుటకు అంగీకరించెను. బదులుగా క్రిస్మసునాడు ఇతడు బస్సు నడుపును. ఒకరి పండుగను ఒకరు కాపాడుకొనుచున్నారు.

చట్టమును కొంత అండగా నున్నది. 2025 వరకు అమలులో నుండిన మోటారు రవాణా కార్మికుల చట్టము, 1961 దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అను సాధారణ పరిమితిని, వారమునకొక దినము విశ్రాంతిని విధించియుండెను. కర్మాగారములు, సంస్థలలో పండుగ సెలవులకై 1974లో మన రాష్ట్రమున ప్రత్యేకచట్టము వచ్చినది. పండుగనాడు పని చేసినవారికి రెట్టింపు వేతనమో, వేతనముతోపాటు వేఱొకనాడు సెలవో ఇచ్చుట దాని ఆశయము. ఇట్లు లభించిన సెలవును వృథా పుచ్చక, ఆ దినమునే ఇంటి పండుగగా చేసికొనవచ్చును.

యాత్రికుల ధర్మము

యాత్రికులమైన మనకును ఒక ధర్మము కలదు. గేటు మూయుదురని డ్రైవరును తొందరపెట్టరాదు. వేళ చాలనిచో శ్రీశైలముననే రాత్రి బస చేయవలెను. అందఱును ఒకే ఘడియకై ఎగబడరాదు. తిరుమలలో వైకుంఠద్వార దర్శనము పూర్వము ఏకాదశి, ద్వాదశి రెండు దినములే యుండగా, 2020 డిసెంబరు మొదలు పది దినములు కల్పించిరి. అయినను 2025 జనవరి 8న తిరుపతిలో ఆ టోకెన్ల కొఱకు జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు భక్తులు మరణించిరి. తెఱచిన ద్వారము పది దినములును వైకుంఠద్వారమే యని నమ్మినచో, కొలువు వలన మొదటిదినము రాలేనివారికి చింత యుండదు.

నల్లమలకు ఆవలి యంచున అహోబిలములో కనుమనాడు పారువేట ఉత్సవ మారంభమగును. స్వామి పల్లకి నెక్కి సుమారు నలువది దినములు ముప్పదికి పైగా గ్రామములు తిరిగి, ఫాల్గునమున జరుగు తన కల్యాణమునకు ప్రజలను స్వయముగా పిలుచును. చెంచులు ఆయనను తమ ఇంటి అల్లునిగా తలచి గౌరవింతురు. భక్తుడు రాలేనిచోట స్వామియే వచ్చునని చెప్పుటకు ఇంతకన్న నిదర్శన మేల?

కావున భక్తులారా! కొలువునాడు మీరు ఇంట లేకున్నచో పండుగ తప్పిపోయినదని కుమిలిపోవలదు. ఇంటనున్న పెద్దలు తమ దేహమును బాధించుకొని, దూరమున నున్న బిడ్డల మనస్సును బాధింపవలదు. వేళకు తీర్థము, వీలైనప్పుడు విందు, ఎల్లవేళల స్మరణ: ఇది నేటి గృహస్థునకు తగిన నియమము. అంబరీషుని కాచిన చక్రధారి, రాత్రింబవళ్ళు పనిలో నున్న మన బిడ్డలను కాపాడి, క్షేమముగా ఇల్లు చేర్చుగాక!