వెంట్రుకకన్న సన్నని త్రాసు

1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్టు మీద వెళ్ళిన మన తొలి ఉపగ్రహం ‘ఆర్యభట’ 360 కిలోలు తూగింది. 2022 నవంబరు 26న శ్రీహరికోటనుంచి పి.ఎస్.ఎల్.వి. - సి 54 మోసుకెళ్ళిన ‘థైబోల్ట్’ ఉపగ్రహాలు రెండూ కలిపితే సుమారు కిలోన్నర! వీటిని తయారుచేసింది మన హైదరాబాదు సంస్థ ధ్రువ స్పేస్. వీటి పనులు వేరువేరే అయినా, లోపలి పరికరాలు చిన్నవి కాకపోతే యింత చిన్న ఉపగ్రహం సాధ్యమయ్యేది కాదు. మరి పరికరం చిన్నదయితే చాలునా?

యిలాంటి చిన్న పరికరాలలో ఒకటి త్వరణమాపకం. దీని సూక్ష్మరూపం కృష్ణానగర్ టీకొట్టు దగ్గర నిలబడ్డవారి సెల్ ఫోనులోనూ వుంది. ఫోను అడ్డంగా తిప్పగానే బొమ్మ తిరిగేది దీనివల్లనే. సిలికాన్ పలకను రసాయనాలతో, వాయువులతో తొలిచి, వెంట్రుకకన్న సన్నని కమ్ములకు ఒక చిన్న బరువును వేలాడదీస్తారు. బస్సు హఠాత్తుగా కదిలితే మనం వెనక్కి వాలతాం కదా, ఆ బరువూ అంతే. దానికున్న దువ్వెనలాంటి పళ్ళు ఎదుటి పళ్ళకు దగ్గరో దూరమో అవుతాయి, కెపాసిటెన్సు మారుతుంది. ఆ మార్పును బట్టి త్వరణం తెలుస్తుంది.

చిన్నదనంలో బలం వుంది. పొడవు, వెడల్పు, ఎత్తు పదోవంతు చేస్తే బరువు వెయ్యోవంతవుతుంది. బరువును మోసే కమ్మి అడ్డుకోత వైశాల్యం మాత్రం నూరోవంతుకే తగ్గుతుంది. అందుకే చిన్న పరికరం కుదుపులకు సులభంగా విరగదు.

కాని చిక్కూ వుంది. ధాన్యం తూచేముందు మా వూళ్ళో కాటాముల్లు సున్నా దగ్గర వుందో లేదో చూస్తారు. సూక్ష్మపరికరంలో యీ సున్నా వేడికీ, కాలానికీ జరుగుతూ వుంటుంది. సెకనుకు సెకనుకు 0.01 మీటరు తప్పు చూపిందనుకోండి. పది నిమిషాల్లో వేగం లెక్క సెకనుకు 6 మీటర్లు, దూరం లెక్క 1,800 మీటర్లు తప్పుతాయి!

పరికరం మాటను ఎంతవరకు నమ్మాలన్నది అంతకన్న పెద్ద ప్రశ్న. 2022 ఆగస్టు 7న శ్రీహరికోటలో ఎస్.ఎస్.ఎల్.వి. మొదటిసారి ఎగిరింది. అందులో 750 మంది బాలికలు పాలుపంచుకున్న 8 కిలోల ‘ఆజాదీశాట్’ వుంది. రెండో దశ విడిపోయేటప్పుడు పరికరాల పలక కొద్దిసేపు తీవ్రంగా కంపించింది. త్వరణమాపకాలు కొలవగల హద్దు దాటింది. కంప్యూటరు ఆరింటినీ చెడిపోయినవిగా లెక్కవేసి, వాటిని వదిలి ముందే నిర్ణయించిన దారిలో రాకెట్టును నడిపింది. చివరకు వేగం సెకనుకు 56 మీటర్లు తగ్గింది. కావలసిన వేగంలో అది నూటికి ఒక పాలు కూడా కాదు. అయినా 356 కిలోమీటర్ల వృత్తకక్ష్య బదులు, ఒకవైపు 76 కిలోమీటర్లకు దిగే కక్ష్య ఏర్పడింది. అక్కడి గాలి ఒరిపిడికి ఉపగ్రహాలు నిలవలేదు.

గమనించండి! ఆరుగురు సాక్షులున్నా, ఆరుగురూ ఒకే కుదుపులో చిక్కుకుంటే ఒక్క సాక్షితో సమానమే. కాబట్టి శాస్త్రజ్ఞులు దశను విడదీసే ఏర్పాటును మార్చారు, తప్పును నిర్ణయించే తర్కాన్నీ సరిదిద్దారు. 2023 ఫిబ్రవరి 10న రెండో ఎస్.ఎస్.ఎల్.వి. 8.7 కిలోల ‘ఆజాదీశాట్-2’ను 450 కిలోమీటర్ల కక్ష్యలో చేర్చింది.

పరికరాన్ని చిన్నది చేయడం సగం విద్య. అది ఎప్పుడు నిజం చెబుతుందో, ఎప్పుడు తడబడుతుందో తెలుసుకోవడం మిగతా సగం. మన ప్రయోగశాలలో కొలత తీసుకునేముందు సున్నాదోషం చూడమని చెప్పేదీ యిందుకే.