పసిబిడ్డల భోజనవేళ

నాట్లు, కోతలు సాగు రోజులలో రైతు ఇంట భోజనవేళ పొలము పనిని బట్టి నడచును. రాత్రి 8 గంటలకు పొయ్యి వెలిగించినను పెద్దలు ఓర్చుకొందురు. రెండేళ్ల బిడ్డ ఓర్చుకొనజాలదు. ఆకలికి ఏడ్చి, చేతికి దొరికిన బిస్కట్లు తిని, అన్నము ఉడుకుసరికి నిద్రపోవును. లేపి నోట కుక్కినచో ఉమ్మివేయును. "మా బిడ్డ అన్నమే ముట్టదండీ" అని తల్లి వాపోవుచుండును. ఇట్టి ఇంట మొదట వేళను మార్చవలెను.

బిడ్డ కడుపు చిన్నది. 8 కిలోల బిడ్డకు ఒకసారికి సుమారు 240 మిల్లీలీటర్లు, అనగా చిన్న గిన్నెడు మాత్రమే పట్టును. కనుక 9 నెలలు నిండినది మొదలు రెండేళ్ల వరకు తల్లిపాలతో పాటు రోజుకు 3, 4 సార్లు అన్నము, నడుమ అరటిపండో, ఉడికించిన చిలగడదుంపో పెట్టవలెను. గంజి, పలుచని చారన్నముతో కడుపు నిండును గాని బలము చాలదు. మెదిపిన పప్పన్నములో నెయ్యి, ఉడికిన మునగాకు కలిపి, చెంచా వంచినను జారనంత చిక్కగా ఉంచవలెను. ఉదయము వండినది సాయంత్రము పెట్టరాదు. ఇంటనున్న నాయనమ్మ గుప్పెడు బియ్యము, కొంచెము పెసరపప్పు విడిగా ఉడికించినచో దీపాలవేళకు ముందే బిడ్డ భోజనము ముగియును.

బిడ్డకు వేరు గిన్నె ఉంచినచో ఎంత తిన్నదీ తెలియును. చేతులు సబ్బుతో కడిగి, ఎదుట కూర్చుండి, మాటలాడుచు తినిపించవలెను. తల తిప్పుకొన్నచో చాలునని అర్థము. బూచి వచ్చునని బెదరించుట, ఏడ్చుచుండగా నోట కుక్కుట మానవలెను; ముద్ద గొంతుకు అడ్డుపడు ప్రమాదము కలదు. చందమామను చూపుచు గోరుముద్దలు పెట్టుట మన తల్లులెరిగిన విద్యయే. సెల్‌ఫోను చూపినచో మాత్రము బిడ్డ ముద్దను చూడదు, తల్లి బిడ్డను చూడదు. కొత్త కూరను ఒకసారి ఉమ్మినంత మాత్రమున విడువరాదు. 8, 10 సార్లు రుచి చూపిన పిమ్మట ఇష్టపడు బిడ్డలు పలువురు కలరు.

వేరుసెనగ పండించు ఇండ్లలో మరియొక జాగ్రత్త. ఐదేళ్లలోపు పిల్లలకు గింజలను గింజలుగా ఇయ్యరాదు. మెత్తగా పొడిచేసి అన్నములో కలుపవచ్చును.

ఇది ఆడవారి పనియని రైతు తప్పుకొనరాదు. పురుగుమందు చల్లి వచ్చిన నాడు స్నానము చేసి, బట్టలు మార్చుకొనిన తరువాతనే బిడ్డను ఒడిలోనికి తీసుకొనవలెను. ఆ పిమ్మట గిన్నె తానే అందుకొన్నచో తల్లికి పెద్దల వంట చూచుకొనుటకు తీరిక దొరకును.