కానుకకి మనింటి కాగితం చాలదా?

శ్రావణం దగ్గరపడుతోంది. పేరంటాలు, గృహప్రవేశాలు, పెళ్ళిళ్ళు, మధ్యలో పిల్లల పుట్టినరోజులు. ఎక్కడికి వెళ్ళినా ఏదో ఒకటి చేతిలో పట్టుకెళ్ళాలి కదమ్మా. వస్తువు కొన్నాక ఫ్యాన్సీ షాపులోనే మెరుపు కాగితం చుట్టించేసి, పైన ఓ రిబ్బను పువ్వు అంటించుకుని బయల్దేరతాం. అవతలివాళ్ళు చింపిన మరుక్షణం అది చెత్తబుట్టలో పడుతుంది. నాకు ఇదే బాధ.

ఆ కాగితం ముక్కొకటి గుప్పిట్లో పెట్టి గట్టిగా నలిపి వదిలి చూడండి. ఉండలా ఉండిపోతే చాలావరకు అది కాగితమే. మెల్లగా మళ్ళీ విచ్చుకుందంటే అందులో ప్లాస్టిక్ పొర ఉన్నట్టే. అలాంటిది పాత పేపర్లతో కలిపి వేసినా పనికిరాదు. మిఠాయి డబ్బాల మీదా శుభలేఖల మీదా చుట్టే ప్లాస్టిక్ ఫిల్మును మన దేశంలో 2022 జులై 1 నుంచి నిషేధించారు. కానుకల మీది మెరుపు సంగతి మాత్రం మనమే చూసుకోవాలి.

"ఇంట్లో చేసింది చుట్టి ఇస్తే పిసినారితనం అనుకోరూ?" అని మీలో చాలామందికి లోపల ఉంటుందని నాకు తెలుసు. అనుకునేది కాగితాన్ని చూసి కాదు చెల్లీ, నలిగిన మడతల్నీ వంకర అంచుల్నీ అడ్డదిడ్డంగా అంటించిన టేపునీ చూసి. కాబట్టి ముందు కొలత సరిగ్గా తీసుకోండి. డబ్బా చుట్టూ ఒకసారి దారం తిప్పి, ఆ పొడవుకి రెండు వేళ్ళ వెడల్పు కలపండి. రెండు పక్కలా డబ్బా ఎత్తులో ముప్పావు వంతు వదిలితే చాలు. అంతకు మించితే మూలలు ఉబ్బుతాయి. ప్రతి మడతనీ స్కేలు అంచుతో గట్టిగా రుద్దండి. ఇంత శ్రద్ధ పెడితే ఖాకీ కాగితం కూడా హుందాగా ఉంటుంది.

ఖాకీ అంటే గుర్తొచ్చింది. జూన్‌లో పిల్లల పుస్తకాలకి అట్టలేయగా మిగిలిన చుట్ట ఏ అటక మీదో ఉంటుంది, దించండి. కూరకి పనికిరాని ముదురు బెండకాయని తొడిమ దగ్గర అడ్డంగా కోసి, జిగురు తుడిచి, కాసేపు ఆరనివ్వండి. పళ్ళెంలో తడిగుడ్డ మడతపెట్టి, దాని మీద పోస్టర్ కలర్ చిక్కగా వేసి, కాయని అందులో అద్ది కాగితం మీద నొక్కితే పువ్వు పడుతుంది. లేత కాయ నొక్కగానే నలిగిపోతుంది, అందుకే ముదురుది. ముగ్గులు బాగా వచ్చినవాళ్ళకి ఇంకా సులువు. పెన్సిల్ వెనకభాగం తెల్లరంగులో అద్ది చుక్కలు పెట్టి, సన్నటి బ్రష్షుతో మెలికలు తిప్పండి. ఆ గోధుమరంగు మీద తెల్ల ముగ్గు కన్నా అందమైన కానుక కాగితం నేను ఏ కొట్లోనూ చూడలేదు.

పాత క్యాలెండరు కాగితం మందంగా ఉంటుంది, తెల్లగా ఉన్న వెనకవైపు పైకి వచ్చేలా చుట్టొచ్చు. దినపత్రిక కూడా మంచిదే. చదువుకునే నేస్తానికి పదకేళి ఉన్న పేజీ, పిల్లలకి బొమ్మల పేజీ. కానీ ఒక్కమాట! చుట్టేముందు పేజీ రెండువైపులా చూడండి. పెళ్ళి కానుక మీద శ్రద్ధాంజలి ప్రకటన కనిపిస్తే ఎంత నొచ్చుకుంటారో ఊహించండి. తినే వస్తువుల్ని మాత్రం వార్తాపత్రికలో చుట్టకండి. అచ్చు సిరా ఆహారానికి అంటుతుందని ఆహార భద్రతా సంస్థ ఎప్పటినుంచో హెచ్చరిస్తోంది.

ఇక అన్నిటికన్నా నాకిష్టమైనది రవికె గుడ్డ. పేరంటానికి వచ్చిన ముత్తైదువకి తాంబూలంతో పాటు ఎలాగూ పెడతాం. కానుకనే అందులో కట్టి ఇస్తే చుట్టిన గుడ్డా కానుకే అవుతుంది, చెత్తబుట్టకి పోయేది ఏమీ ఉండదు. గుడ్డని చతురస్రంగా మడిచి, డబ్బాని మధ్యలో ఏటవాలుగా పెట్టి, ఎదురెదురు కొసలు రెండు పైకి తెచ్చి దోపి, మిగతా రెంటినీ ముడి వేస్తే అయిపోయింది. ఆవకాయ జాడీ, నేతి గిన్నె లాంటి గుండ్రటివాటికి కాగితం ఎటూ అమరదు, వాటికి ఇదే దారి. జపాన్‌లో ఈ పద్ధతిని ఫురోషికి అంటారు. ప్లాస్టిక్ సంచులు తగ్గించాలని 2006లో అక్కడి పర్యావరణ మంత్రి యూరికో కొయికె దీన్ని పనిగట్టుకుని ప్రచారం చేశారు.

పాత చీరల మాటేమిటంటారా? గద్వాల చీరకి ఒళ్ళు నూలు, అంచు పట్టు. ఒళ్ళు చీకిపోయినా బాగున్న అంచు ఉంటే, దాన్ని సన్నగా కత్తిరిస్తే రిబ్బను కొననక్కర్లేదు. అమ్మ కట్టిన చీర అంచుతో అక్కకి పుట్టినరోజు కానుక కడితే, లోపల ఏముందో చూడకముందే ఆమె కళ్ళు చెమరుస్తాయి. అయితే కట్టిన బట్ట శుభకార్యానికి తేకూడదనే పట్టింపు ఉన్న ఇళ్ళు ఉంటాయి. పెళ్ళికీ గృహప్రవేశానికీ కొత్త గుడ్డే వాడండి, పాతది మన రక్తసంబంధాలకీ ప్రాణస్నేహాలకీ ఉంచుకోండి.

అంటించడానికి టీగ్లాసు నీళ్ళలో రెండు చెంచాల మైదా ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద చిక్కబడేదాకా తిప్పండి. కట్టడానికి పసుపునీళ్ళలో మరిగించి ఆరబెట్టిన పురికొస. ముడిలో ఓ మరువం రెమ్మ దూర్చండి, ఎండినా వాసన పోదు.

రవికె గుడ్డలో కట్టి ఇచ్చేటప్పుడు "గుడ్డ కూడా మీకేనండీ" అని నోరారా చెప్పండి. లేకపోతే కొందరు పెద్దవాళ్ళు దాన్ని ఉతికి, మడతపెట్టి, మర్నాడే మనింటికి పంపించేస్తారు.