పాలకమండలిలో ఒక కుర్చీ

విశ్వవిద్యాలయం అనగానే మనకు గుర్తొచ్చేవి హాల్ టికెట్, పరీక్ష ఫీజు, మార్కుల జాబితా. వీటి వెనక నిర్ణయాలు చేసే సభలు కొన్ని ఉన్నాయి. మన మద్రాసు విశ్వవిద్యాలయంలో వాటిని సెనేట్, సిండికేట్, అకడమిక్ కౌన్సిల్ అంటారు. మా ఇంట్లో నాన్న తెలుగు, అమ్మ తమిళం. అందుకని సిండికేట్‌కి నాకు రెండు మాటలు తెలుసు: పాలకమండలి, ఆట్చిక్కుళు. రెండింటిలోనూ పాలన అనే అర్థమే ఉంది. మరి ఆ పాలించేవాళ్ళు అక్కడికి ఎలా వస్తారు?

మామూలుగా మూడు దారులు. ఒకటి పదవిరీత్యా రావడం, ఉపకులపతిలాగా. రెండోది ఎన్నిక. మూడోది నామినేషన్, అంటే ప్రభుత్వమో కులపతో పేరు చెప్పి కూర్చోబెట్టడం. ఏ దారిలో ఎంతమంది వస్తారన్నదాన్ని బట్టే సభ స్వభావం ఉంటుంది.

దీనికి మన విశ్వవిద్యాలయ చరిత్రే మంచి ఉదాహరణ. 1857లో స్థాపించినప్పుడు సెనేట్ సభ్యులను ఫెలోలు అనేవారు. ఆ పదవి జీవితాంతం ఉండేది. 1904లో కర్జన్ ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. ఫెలోలు 50కి తగ్గకూడదు, 100 దాటకూడదు. పదవీకాలం 5 ఏళ్ళు. మద్రాసులో ఎన్నికయ్యేవాళ్ళు 20 మంది, కులపతి నామినేట్ చేసేవాళ్ళు 80 మంది దాకా. ఆ కులపతి ఎవరో కాదు, మద్రాసు గవర్నరే! విశ్వవిద్యాలయాలు సర్కారు చేతిలోకి పోతాయని గోఖలే ఈ చట్టాన్ని గట్టిగా వ్యతిరేకించారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా తెలుగు జిల్లాల కాలేజీలు కూడా మద్రాసు కిందే ఉండేవి. కాబట్టి ఇది అక్కడి విద్యార్థుల సంగతి కూడా.

జీవితాంతం కుర్చీ పట్టుకుని కూర్చోవడం పోయింది, అది మంచిదే. కానీ ఐదేళ్ళయ్యాక మళ్ళీ పేరు రావాలంటే, పేరు చెప్పేవారి మనసు నొప్పించకుండా ఉండాలి కదా! అందుకే పదవీకాలాన్ని, నియమించే చేతిని కలిపి చూడాలని నాకు అర్థమైంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇంకో పద్ధతి పెట్టుకుంది. దాని పాలకమండలిలో ఓటున్న సభ్యులు 26 మంది. అందులో 18 మందిని గవర్నరు నియమిస్తారు, రాష్ట్ర సెనేట్ ఆమోదించాలి. వాళ్ళ పదవీకాలం 12 ఏళ్ళు. గవర్నరు పదవి నాలుగేళ్ళే, రెండుసార్లకు మించి గెలవడానికి లేదు. అంటే నియమించినాయన దిగిపోయాక కూడా సభ్యుడు ఉంటాడు, ఎవరికీ జంకక్కర్లేదు. ఇంకో విశేషం, 26 మందిలో ఒకరు విద్యార్థి. ఆ విద్యార్థిని మండలే ఎంచుకుంటుంది. మొదటి ఏడాది ఓటు లేకుండా కూర్చుని పని నేర్చుకోవాలి, రెండో ఏడాది ఓటు వేయాలి.

“ఇరవైఆరులో ఒక్క ఓటు ఏ మూలకి?” అని మా క్లాసులో ఒకమ్మాయి అడిగింది. నిజమే, ఓటు ఓడిపోవచ్చు. కానీ ఫీజు పెంచే రోజున “హాస్టల్ పిల్లలు ఎక్కణ్ణించి కడతారు?” అని అడిగే మనిషి ఆ గదిలో ఉంటుంది. అడిగిన ప్రశ్నకి పెద్దలు ఏదో ఒక జవాబు చెప్పాల్సి వస్తుంది. నాకు ఆ ఒక్క కుర్చీ విలువైనదే అనిపిస్తుంది.

ఇకమీదట పేపర్లో “సిండికేట్‌కు కొత్త సభ్యులు” అన్న వార్త కనబడితే పేజీ తిప్పేయకండి. మూడు సంగతులు చూడండి: పేరు ఎవరు చెప్పారు, ఎన్నేళ్ళకి, ఆ గదిలో మనలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా?