నడిచే గీత
బి.ఎస్సీ. (బి.జడ్.సి.) ద్వితీయ సంవత్సరం

మా పాలమూరు జనానికి ముంబై, పూణే వలసలు తాతలనాటివే. నిరుడు మా చిన్నాయన గోవా దిక్కు కట్టడం పనికి పోయి, ఇసుకలో ఉత్తకాళ్లతో తిరిగి వచ్చాడు. పాదం మీద ఎర్రటి గీత, రాత్రిళ్లు ఒకటే దురద. తామర అనుకొని మూడు వారాలు మలాము రాసినం. గీత తగ్గలేదు సరికదా, ముందుకు నడిచింది. కూలి పోయె, నిద్ర పోయె.

ఇది కుక్క, పిల్లి పేగుల్లో ఉండే కొంకిపురుగు లార్వా పని. ఆ జంతువుల మలంలోని గుడ్లు తడి ఇసుకలో పొదుగుతాయి. లార్వాలు మన చర్మంలో దూరుతాయిగాని లోపలి పొరను ఛేదించలేవు. పైపొరలోనే దారి తప్పి తిరుగుతాయి. మనిషి కొంకిపురుగు అట్లా కాదు, పేగుల దాకా పోయి రక్తం తాగుతుంది.

గుర్తుపట్టడ మెట్లా? తామర గుండ్రంగా, పొలుసుల అంచుతో ఉంటుంది. ఇది వంకరటింకర దారం. మిత్రులారా, గీత కొనవద్ద పెన్నుతో చుక్క పెట్టి మర్నాడు చూడండి; గీత చుక్కను దాటిపోయి ఉంటుంది. మల పరీక్షలో ఏమీ కనబడదు, పురుగు పేగులో లేదు కదా!

చికిత్స సులభం. పెద్దలకు డాక్టరు సలహాపై ఆల్బెండజోల్ 400 మి.గ్రా. రోజుకొకటి, 3 రోజులు. లేదా కిలో బరువుకు 200 మైక్రోగ్రాముల చొప్పున ఐవర్‌మెక్టిన్ ఒక్కసారి. గర్భిణులు, పసిపిల్లలకు సొంత వైద్యం వద్దు. సూదితో గెలకడం, వాత పెట్టడం దండగ; పురుగు గీత కొనకన్నా ముందే ఉంటుంది. మందు లేకున్నా వారాలకో నెలలకో అదే చస్తుంది, కాని గోకిన చోట చీము పడుతుంది.

చిన్నాయనకు మూడు మాత్రలతో నయమైంది. ఈసారి వలస మూటలో ముందుగా పెట్టినవి చెప్పులే.