దమ్మొస్తుంది బిడ్డా!

ఖిలా వరంగల్‌లో ఉండే మా చెల్లె నర్సింగ్ మొదటి సంవత్సరం. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. మెడికల్ ఇంగ్లిష్ కోసం ఆమె ఫోన్‌లో ఆంకీడ్రాయిడ్ వేసిచ్చిన. ఉచితం, నెట్ లేకున్నా నడుస్తుంది. తప్పిన కార్డును వెంటనే, వచ్చినదాన్ని రోజులు పెంచుకుంటూ అడుగుతుంది.

కార్డు ముందు ఇంగ్లిష్ మాట, వెనక తెలుగు అర్థం పెట్టిన. అన్నీ టకటకా చెప్పేది. వార్డులో ఒక అవ్వ "దమ్మొస్తుంది బిడ్డా" అన్నప్పుడు మాత్రం కేస్‌షీట్‌లో ఏం రాయాలో తోచలేదట. తప్పు నాదే. అవ్వ ఇంగ్లిష్‌లో చెప్పదు కదా! కార్డులు తిరగేసినం: ముందు 'దమ్ము', వెనక 'డిస్‌ప్నియా'. 'గుండె దడ'కు 'పాల్పిటేషన్స్'.

హైపో, హైపర్ మాత్రం చదివితే చాలదు, వినాలి. షుగర్ పడిపోయిన మనిషికి ఇన్సులిన్ ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. ఆ రెండూ నా గొంతుతో రికార్డు చేసి కార్డులకు తగిలించిన. ఇప్పటికీ ఒక్కోసారి తడబడుతుంది. అందుకే వార్డులో "తక్కువనా, ఎక్కువనా సిస్టర్?" అని మళ్లీ అడుగుతుంది.