మందు అట్ట మీది నంబర్లు: ఖరగ్‌పూర్‌లోని ట్రాఫిక్ ప్రాంత వాసులు తరచూ అడిగే ప్రశ్నలు

ఈ సమాధానాల్లో 'అట్ట' అంటే మాత్రల స్ట్రిప్పు. 'బిల్లు' అంటే బ్యాచ్ నంబరు రాసిన కొనుగోలు రసీదు.

1. అట్ట మీద ఏ నంబరు చూసి మందును గుర్తించాలి?

ఏ ఒక్క నంబరూ చాలదు. మందు పేరు, మోతాదు, కంపెనీ, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, గడువు తేదీ కలిపి చూడాలి. బ్యాచ్ నంబరు ఒక విడతలో తయారైన సరుకును మాత్రమే తెలుపుతుంది. అది మందు పేరుకు బదులు కాదు.

2. క్యూఆర్ కోడు లేకపోతే నకిలీ మందేనా?

కాదు. ఔషధ నిబంధనల షెడ్యూల్ హెచ్2లో చేర్చిన 300 బ్రాండ్లకే అది తప్పనిసరి. డోలో, కాల్పాల్, అలెగ్రా వాటిలో ఉన్నాయి. 2023 ఆగస్టు 1 నుంచి తయారైన సరుకుకే ఈ నిబంధన వర్తిస్తుంది. అట్ట మీద చోటు చాలకపోతే కోడును పై పెట్టె మీద ముద్రించవచ్చు. కనుక పెట్టె చూడకుండా నిర్ణయానికి రావద్దు. క్యూఆర్ కోడుకు బదులు బార్ కోడు ఉన్నా చెల్లుతుంది. కోడులో కనిపించే బ్యాచ్ నంబరు, గడువు తేదీ అట్ట మీది వాటితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి.

3. అమెరికాలోని పిల్లలు పంపిన మందు మీది ఎన్‌డీసీ నంబరు ఇక్కడ పనికొస్తుందా?

అది కంపెనీ, మందు, ప్యాకింగ్‌లను మూడు భాగాలుగా తెలిపే పది అంకెల అమెరికా నంబరు. ఇక్కడి గోల్ బజార్‌లో కొన్న మందుకు అది ఉండదు. సీసా మీద అక్కడి మందుల షాపు వేసే ప్రిస్క్రిప్షన్ నంబరు వేరు. దాన్ని ఎన్‌డీసీ అనుకోవద్దు. ఇక్కడ అలాంటి మందే కావాలంటే అసలు మందు పేరు, మోతాదు డాక్టరుకు చూపించాలి.

4. విడి మాత్రలు ఇస్తే?

రంగు, ఆకారం చూసి మింగవద్దు. ఇంగ్లీషు చదవలేని పెద్దలున్న ఇళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం. అట్ట కత్తిరిస్తే బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న ముక్క ఎవరి దగ్గర మిగిలిందో చూసుకోండి. మీ దగ్గర లేకపోతే ఆ వివరాలు రాయించుకోండి. బిల్లు కూడా అడగండి; కొన్న సరుకుకు రసీదు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి.

5. మందు మీద అనుమానం వస్తే ఏం చేయాలి?

ముందు డాక్టరును కలవండి. బీపీ, షుగరు, మూర్ఛ మందులను సొంతంగా ఆపవద్దు. మిగిలిన మాత్రలు, అట్ట, పెట్టె, బిల్లు భద్రపరిచి రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అందినట్టు సంతకం తీసుకోండి. 1940 నాటి ఔషధాల, సౌందర్య సాధనాల చట్టం 26వ సెక్షను ప్రకారం, కొన్న మందును నిర్ణీత రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకునే హక్కు మీకుంది. దరఖాస్తు ఫారం 14-ఎ. ఆసుపత్రిలో ఉచితంగా అందిన మందు 'కొన్న మందు' కాదనే అభ్యంతరం రావచ్చు. అప్పుడు ఇన్‌స్పెక్టరు ద్వారానే వెళ్లడం మేలు.

6. పరిహారం కోరడానికి గడువు ఎంత?

ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని వినియోగదారుల కమిషన్ మన్నించవచ్చు, కానీ మన్నించి తీరాలని లేదు. మీరు నివసించే జిల్లాలోనే, అంటే పశ్చిమ మేదినీపూర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. మందు ఆన్‌లైన్‌లో కొన్నా అంతే. ఇన్‌స్పెక్టరుకు ఇచ్చిన ఫిర్యాదు తేలలేదని ఈ రెండేళ్లు దాటనివ్వవద్దు.